పవర్ మీటర్ నుంచి ఫోన్‌కి వాట్స్ ఎలా వస్తాయి? యాంట్ ప్లస్, బ్లూటూత్ పూర్తి వివరణ

సైకిల్‌కి పవర్ మీటర్ కొనాలనుకునే వాళ్ళు రివ్యూల్లో ముందు చూసేది ధర, ఆ తర్వాత యాక్యురసీ ఎంత శాతం అని. కానీ కొన్నాక ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఈ రెండూ కాదు. "సెన్సార్ దొరకలేదు" అని డిస్‌ప్లే చూపించడం, వాట్స్ మధ్యలో ఆగిపోవడం, ఫోన్‌లో ఒక నంబర్, హ్యాండిల్ మీద కంప్యూటర్‌లో ఇంకో నంబర్ రావడం. ఇవన్నీ సెన్సార్‌కీ డిస్‌ప్లేకీ మధ్య జరిగే మాటల్లో వచ్చే సమస్యలు. ఆ మాటలు ఎలా జరుగుతాయో తెలిస్తే సగం సమస్యలు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళకుండానే తేలిపోతాయి.

నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివి, పూతలపట్టులో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. చిత్తూరు నుంచి వచ్చే హైవే మా ఊరి దగ్గర చీలుతుంది. ఒకటి చంద్రగిరి మీదుగా తిరుపతికి, ఇంకోటి పీలేరు వైపు. ఉదయం ఎండ ఎక్కకముందు తొక్కడానికి రెండూ బాగుంటాయి. ఈ ఆర్టికల్‌లో ఫలానా మోడల్ కొనండి అని చెప్పను. ఏ మోడల్ కొన్నా పనికొచ్చే విషయం చెప్తాను.

ముందు సెన్సార్ ఏం కొలుస్తుంది?

పవర్ మీటర్ నేరుగా వాట్స్ కొలవదు. క్రాంక్‌లోనో, పెడల్‌లోనో, వెనక హబ్‌లోనో స్ట్రెయిన్ గేజ్ అనే సన్నటి రేకు అతికించి ఉంటుంది. మీరు పెడల్ తొక్కినప్పుడు లోహం కంటికి కనపడనంత వంగుతుంది. దాంతోపాటు రేకు కూడా సాగి, దాని ఎలక్ట్రికల్ రెసిస్టెన్స్ కొంచెం మారుతుంది. ఆ మార్పుని వీట్‌స్టోన్ బ్రిడ్జ్ సర్క్యూట్‌తో పట్టుకుని, టార్క్‌గా మారుస్తారు. ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబ్‌లో చేసిన అదే వీట్‌స్టోన్ బ్రిడ్జ్.

టార్క్ ఒక్కటే చాలదు. క్రాంక్ ఎంత వేగంగా తిరుగుతోందో కూడా కావాలి. దాన్ని ఇప్పటి మోడల్స్‌లో లోపలున్న యాక్సిలరోమీటర్ లేదా గైరోస్కోప్ చెప్తుంది. ఈ రెండూ గుణిస్తే పవర్. ఉదాహరణకి సగటు టార్క్ 20 న్యూటన్ మీటర్లు, క్యాడెన్స్ నిమిషానికి 90 అనుకోండి. సెకనుకి 1.5 చుట్లు, అంటే 9.42 రేడియన్లు. 20ని దాంతో గుణిస్తే దాదాపు 188 వాట్స్.

ఈ లెక్కంతా క్రాంక్‌లో ఉన్న చిన్న చిప్ లోపలే జరుగుతుంది. ఆ 188ని హ్యాండిల్ దాకా చేర్చడమే మన టాపిక్.

వైరు నుంచి గాలిలోకి

జర్మనీకి చెందిన ఉల్రిచ్ షోబరర్ 1986లో ఎస్‌ఆర్‌ఎం కంపెనీ పెట్టి క్రాంక్ పవర్ మీటర్‌ని మార్కెట్‌కి తెచ్చారు. ఆ తొలి రోజుల్లో హ్యాండిల్ మీదున్న కంప్యూటర్ దాకా ఫ్రేమ్ వెంట వైరు వెళ్ళేది. ఏ కంపెనీ కంప్యూటర్ ఆ కంపెనీదే.

వైరు పోవాలంటే కాయిన్ సెల్ మీద నెలల తరబడి నడిచే రేడియో కావాలి. కెనడాలోని డైనాస్ట్రీమ్ ఇన్నోవేషన్స్ అనే కంపెనీ ఈ పని కోసం యాంట్ అనే ప్రోటోకాల్ తయారుచేసింది. 2006లో గార్మిన్ ఆ కంపెనీని కొనేసింది. యాంట్ మీద "ఏ కంపెనీ సెన్సార్ అయినా ఏ కంపెనీ డిస్‌ప్లేతో అయినా మాట్లాడాలి" అని పెట్టిన ఉమ్మడి నియమాలే యాంట్ ప్లస్.

ఇంకోపక్క 2010లో బ్లూటూత్ 4.0తో లో ఎనర్జీ వెర్షన్ వచ్చింది. 2011లో ఐఫోన్ 4ఎస్, 2013లో ఆండ్రాయిడ్ 4.3 దానికి సపోర్ట్ ఇచ్చాయి. అప్పటి నుంచి ఫోన్ కూడా సైకిల్ డిస్‌ప్లే అయిపోయింది. ఈరోజు వచ్చే పవర్ మీటర్లలో ఎక్కువ భాగం రెండు భాషలూ ఒకేసారి మాట్లాడతాయి. నార్వేకి చెందిన నార్డిక్ సెమీకండక్టర్ ఎన్‌ఆర్‌ఎఫ్52 సిరీస్ లాంటి చిప్‌లు ఒకే రేడియోతో ఈ రెండు పనులూ చేయగలవు. 2020లో ఇమాజినేషన్ టెక్నాలజీస్ వై-ఫై టీంని తీసుకున్న నార్డిక్‌కి ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా ఇంజనీర్లు ఉన్నారు.

యాంట్ ప్లస్: గుడి మైకు లాంటిది

వినాయక చవితికి గుడి మైకులో చెప్పేది ఊరంతా వింటుంది. ఎవరు వింటున్నారో మైకుకి తెలియదు, అవసరం కూడా లేదు. యాంట్ ప్లస్ పవర్ మీటర్ కూడా అంతే. ఎవరితోనూ కనెక్షన్ పెట్టుకోకుండా తన డేటాని గాలిలోకి వదుల్తూ ఉంటుంది. హ్యాండిల్ కంప్యూటర్, వాచ్, ల్యాప్‌టాప్, మూడూ ఒకేసారి విన్నా సెన్సార్ బ్యాటరీ మీద అదనపు భారం పడదు.

ఆ మైకుకి కొన్ని కచ్చితమైన నియమాలు ఉన్నాయి. యాంట్ ప్లస్ సెన్సార్లు అన్నీ 2457 మెగాహెర్ట్జ్ దగ్గరే మాట్లాడతాయి. ఒక్కో మెసేజ్‌లో డేటా 8 బైట్లు మాత్రమే. పవర్ మీటర్ సెకనుకి దాదాపు 4 సార్లు పంపుతుంది. కచ్చితంగా చెప్పాలంటే సెకన్‌ని 32,768 భాగాలు చేసి, ప్రతి 8182 భాగాలకి ఒకసారి.

ఈ 8182 అనే వింత నంబర్ ఎందుకు? హార్ట్ రేట్ సెన్సార్‌కి అదే విలువ 8070, క్యాడెన్స్ సెన్సార్‌కి 8102, స్పీడ్ సెన్సార్‌కి 8118. కావాలనే అన్నీ కొంచెం కొంచెం తేడాగా పెట్టారు. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నారు కాబట్టి, ఇద్దరు సరిగ్గా ఒకే లయలో మాట్లాడితే ప్రతిసారీ ఒకరి మాట ఒకరికి అడ్డం వస్తుంది. లయలు వేరైతే ఒకసారి ఢీకొన్నా తర్వాత వాటంతట అవే విడిపోతాయి.

మరి పక్కవాడి సెన్సార్‌ని నా కంప్యూటర్ పట్టుకోదా? ప్రతి సెన్సార్‌కీ డివైస్ నంబర్ ఉంటుంది, 1 నుంచి 65,535 లోపు. మొదటిసారి జత చేసేటప్పుడు కంప్యూటర్ ఆ నంబర్ గుర్తుపెట్టుకుని, తర్వాత దాన్నే వింటుంది. ప్రమాదం ఆ మొదటిసారే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ లాంటి చోట, పదిమంది మధ్యలో నిలబడి కొత్త సెన్సార్ జత చేస్తే ఎవరి వాట్స్ ఎవరికి వస్తాయో చెప్పలేం. జత చేయడం ఇంట్లోనే చేసుకోండి.

ప్యాకెట్ పోయినా లెక్క పోదు

మైకులో చెప్పింది మీకు వినపడకపోతే గుడివాళ్ళు మళ్ళీ చెప్పరు. యాంట్ బ్రాడ్‌కాస్ట్ కూడా అంతే, పోయిన మెసేజ్ మళ్ళీ రాదు. మరి పవర్ సగటు తప్పు రాదా?

ఇక్కడ ఒక తెలివైన ఏర్పాటు ఉంది. పవర్ మెసేజ్‌లో ఇప్పటి పవర్‌తో పాటు ఇంకో రెండు లెక్కలు కూడా వస్తాయి. ఒకటి, ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొలిచాం అనే ఈవెంట్ కౌంట్. రెండు, అన్ని కొలతలనీ కూడుకుంటూ పోయే అక్యుములేటెడ్ పవర్. మన ఇంటి కరెంట్ మీటర్ లాగా అన్నమాట. లైన్‌మన్ ఒక నెల రాకపోయినా తర్వాతి నెల రీడింగ్‌లోంచి పాత రీడింగ్ తీసేస్తే రెండు నెలల వాడకం తెలిసిపోతుంది.

ఉదాహరణ: ఒక మెసేజ్‌లో కౌంట్ 100, మొత్తం 50,000. తర్వాత మూడు మెసేజ్‌లు పోయాయి. ఆ తర్వాత దొరికిన దాంట్లో కౌంట్ 104, మొత్తం 50,840. తేడా 840, దాన్ని 4తో భాగిస్తే 210 వాట్స్. మధ్యలో ఏ క్షణం ఎంత అనేది తెలియదు కానీ, ఆ గ్యాప్ మొత్తానికి సగటు మాత్రం కరెక్ట్.

బ్లూటూత్: ఫోన్ కాల్ లాంటిది

బ్లూటూత్ లో ఎనర్జీ పద్ధతి వేరు. మొదట సెన్సార్ "నేనిక్కడ ఉన్నా" అని మూడు అడ్వర్టైజింగ్ ఛానల్స్‌లో చెప్తూ ఉంటుంది: 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్. ఫోన్ ఆ మాట విని కాల్ చేస్తుంది. కనెక్షన్ కుదిరాక ఇద్దరూ మిగతా 37 ఛానల్స్‌లో, ముందే ఒప్పుకున్న క్రమంలో గెంతుతూ మాట్లాడుకుంటారు. ఒక ఛానల్‌లో రొద ఎక్కువైతే దాన్ని వదిలేసి మిగతావి వాడుకోవచ్చు. అందలేదని తెలిస్తే అదే ప్యాకెట్ మళ్ళీ పంపుతారు.

కనెక్ట్ అయ్యాక ఫోన్ "నీ దగ్గర ఏ సర్వీసులు ఉన్నాయి?" అని అడుగుతుంది. బ్లూటూత్ సంస్థ ప్రతి సర్వీస్‌కీ ఒక నంబర్ ఇచ్చింది. సైక్లింగ్ పవర్ సర్వీస్ నంబర్ హెక్సాడెసిమల్‌లో 1818. దాని లోపల కొలత ఉండే అర పేరు సైక్లింగ్ పవర్ మెజర్‌మెంట్, నంబర్ 2ఏ63. ఆ అరకి ఫోన్ "నోటిఫై ఆన్" అని రాస్తే చాలు, అప్పటి నుంచి సెన్సార్ మామూలుగా సెకనుకి ఒకసారి కొలత పంపుతూ ఉంటుంది. ఏ యాప్ అయినా ఇదే తంతు.

కాల్ అంటే ఇంకో అర్థం కూడా ఉంది: లైన్ బిజీ. చాలా పాత, చవక సెన్సార్లు ఒకేసారి ఒక్క బ్లూటూత్ కనెక్షన్ మాత్రమే తీసుకుంటాయి. ఒకరితో మాట్లాడుతున్నంతసేపు "నేనిక్కడ ఉన్నా" అని చెప్పడం కూడా ఆపేస్తాయి. రెండో డిస్‌ప్లేకి ఆ సెన్సార్ అసలు లేనట్టే.

ఒక ప్యాకెట్‌ని విప్పి చూద్దాం

నార్డిక్ వాళ్ళ ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ అనే ఫ్రీ యాప్ ఉంది. దాంట్లో మీ పవర్ మీటర్‌కి కనెక్ట్ అయి 2ఏ63 మీద నోటిఫై ఆన్ చేస్తే ప్యాకెట్లు కనపడతాయి. పైథాన్ వచ్చిన వాళ్ళు బ్లీక్ లైబ్రరీతో పాతిక లైన్లలో ఇదే పని చేసుకోవచ్చు. ఒక ప్యాకెట్ ఇలా ఉందనుకోండి:

20 00 96 00 36 01 00 14

ఇవి 8 బైట్లు, హెక్సాడెసిమల్‌లో. బ్లూటూత్‌లో చిన్న బైట్ ముందు వస్తుంది, కాబట్టి రెండేసి బైట్లని తిరగేసి చదవాలి.

20 00 అంటే ఫ్లాగ్స్. ఈ ప్యాకెట్‌లో ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పే విషయసూచిక. ఇక్కడ 0020, అంటే పవర్‌తో పాటు క్రాంక్ చుట్ల వివరాలు కూడా ఉన్నాయని.

96 00 తిరగేస్తే 0096, అంటే 9 పదహార్లు 144, ప్లస్ 6, మొత్తం 150. ఇదే పవర్, 150 వాట్స్. తిరగేయకుండా చదివే ప్రోగ్రామ్‌కి మైనస్ 27,136 వాట్స్ వస్తుంది. కొత్తగా యాప్ రాసేవాళ్ళు ఇలాంటి నంబర్ చూస్తే సెన్సార్‌ని అనుమానించొద్దు.

36 01 అంటే 0136, అంటే 310. సెన్సార్ లేచినప్పటి నుంచి క్రాంక్ తిరిగిన చుట్లు.

00 14 అంటే 1400, అంటే 5120. చివరి చుట్టు పూర్తయిన సమయం, సెకన్‌లో 1024వ వంతు లెక్కన. 5120ని 1024తో భాగిస్తే సరిగ్గా 5 సెకన్లు.

ఈ ప్యాకెట్‌లో క్యాడెన్స్ ఎక్కడుంది? లేదు. బ్లూటూత్ పవర్ మీటర్ క్యాడెన్స్‌ని పంపదు, చుట్ల లెక్కే పంపుతుంది. క్యాడెన్స్ లెక్క డిస్‌ప్లే పని. తర్వాతి ప్యాకెట్ చూడండి:

20 00 96 00 38 01 55 19

చుట్లు 312, సమయం 6485. రెండు చుట్లకి 1365 టిక్కులు, అంటే 1.333 సెకన్లు. నిమిషానికి 90 చుట్లు.

ఇప్పుడు ఒక పాత అనుమానం కూడా తీరుతుంది. తొక్కడం ఆపేశాక కూడా డిస్‌ప్లేలో 90 అని రెండు మూడు సెకన్లు ఎందుకు నిలబడుతుంది? తొక్కడం ఆగితే చుట్ల లెక్క మారదు, చివరి చుట్టు సమయమూ మారదు. తేడా సున్నా బై సున్నా. నిజంగా ఆగాడా, నెమ్మదిగా తొక్కుతున్నాడా అని డిస్‌ప్లే కాసేపు ఎదురుచూసి అప్పుడు సున్నా వేస్తుంది. ఎంతసేపు అనేది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. అందుకే ఒకే సెన్సార్‌ని రెండు డిస్‌ప్లేల్లో చూస్తే సగటు క్యాడెన్స్ కొంచెం తేడా వస్తుంది.

64 సెకన్లకోసారి సున్నా అయ్యే గడియారం

సమయానికి ఇచ్చింది రెండు బైట్లే. రెండు బైట్లలో పట్టే పెద్ద సంఖ్య 65,535. 1024తో భాగిస్తే 64 సెకన్లు. అంటే సెన్సార్ గడియారం ప్రతి 64 సెకన్లకీ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. పాత స్కూటర్ మీటర్ 99,999 దాటాక సున్నాకి వచ్చినట్టు.

ముందు ప్యాకెట్‌లో సమయం 64,900, తర్వాత దాంట్లో 729 అనుకోండి. తీసివేస్తే మైనస్ 64,171. దానికి 65,536 కలిపితే 1365. మళ్ళీ అదే 90 క్యాడెన్స్. ఈ కలపడం మర్చిపోయిన యాప్‌లో నిమిషానికోసారి క్యాడెన్స్ పిచ్చి నంబర్‌కి ఎగిరి దిగుతుంది. మీ రైడ్ గ్రాఫ్‌లో అలాంటి ముల్లు దాదాపు 64 సెకన్లకోసారి కనపడితే తప్పు యాప్‌ది, సెన్సార్ మంచిదే.

ఏడు రోజుల్లో తేల్చాల్సిన ఒక క్రాంక్

ఇదంతా నిజంగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెప్తాను. మా చిన్నాన్న కొడుకు జిల్లా సెలక్షన్స్ కోసం ప్రాక్టీస్ చేస్తుంటాడు. రెండు మామిడి సీజన్లు మండీలో పనిచేసి దాచిన డబ్బుతో ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఎడమ క్రాంక్ పవర్ మీటర్ కొన్నాడు. వాపసు ఇవ్వడానికి గడువు ఏడు రోజులు. నాలుగో రోజు ఇంటికొచ్చాడు.

"అన్నా, హ్యాండిల్ మీద దాంట్లో సెన్సారే లేదంటా ఉండాది. ఫోన్‌లో వస్తా ఉండాది గానీ, వాట్స్ తక్కవ చూపిస్తా ఉండాది. వాపస్ పంపించేద్దామా?"

అమ్మినవాళ్ళని అడిగితే "మీ కంప్యూటర్‌దే ప్రాబ్లం" అన్నారట. వాడి మాట నమ్మాలా, అమ్మినవాళ్ళ మాట నమ్మాలా అని కాకుండా ఒక్కోటీ పరీక్షించాం.

మొదటిది, కనపడకపోవడం. వాడిది బ్లూటూత్ మాత్రమే ఉన్న చవక హ్యాండిల్ కంప్యూటర్. వాడి జేబులో ఫోన్, ఫోన్‌లో ట్రైనింగ్ యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తోంది. క్రాంక్ తిరగ్గానే యాప్ ముందుగా కాల్ కలిపేసుకుంటోంది. ఫోన్ బ్లూటూత్ ఆఫ్ చేశాం. క్రాంక్ రెండు చుట్లు తిప్పగానే కంప్యూటర్‌లో సెన్సార్ వచ్చేసింది. పాడైంది ఏదీ లేదు, లైన్ బిజీ అంతే.

రెండోది, డేటా నికరంగా వస్తోందా లేదా. గంటసేపు ప్యాకెట్లు ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేశాను. చుట్ల లెక్క ఎక్కడా వెనక్కి పోలేదు, ఉన్నట్టుండి ఎగరలేదు. సెన్సార్ ఎలక్ట్రానిక్స్ బాగున్నట్టే.

మూడోది, తక్కువ వాట్స్. కంపెనీ యాప్‌లో చూస్తే క్రాంక్ పొడవు 165 మిల్లీమీటర్లు అని ఉంది. క్రాంక్ లోపలివైపు చెక్కి ఉన్నది 172.5. పాత ఓనర్ ఎప్పుడో మార్చినట్టున్నాడు. టార్క్ అంటే బలం ఇంటూ పొడవు కదా, పొడవు తక్కువ పెడితే నిజంగా 200 వాట్స్ తొక్కినా 191 చూపిస్తుంది. అది సరిచేసి, జీరో ఆఫ్‌సెట్ చేసి, బెల్లం మండీ నుంచి తెచ్చిన 20 కిలోల తూకం రాయిని తాడుతో పెడల్‌కి వేలాడదీశాం. క్రాంక్ నేలకి సమాంతరంగా, వెనక బ్రేక్ గట్టిగా పట్టి. లెక్క ప్రకారం 20 ఇంటూ 9.81 ఇంటూ 0.1725, అంటే 33.8 న్యూటన్ మీటర్లు రావాలి. యాప్‌లో 33.6 వచ్చింది. ఒక శాతం లోపు తేడా.

క్రాంక్ వాపసు పంపలేదు. అయితే వాడికి ఒక మాట మాత్రం చెప్పాను. ఎడమ క్రాంక్ మీటర్ ఎడమ కాలి పవర్‌ని రెండింతలు చేసి చూపిస్తుంది. ఎడమ కాలు 47 శాతం, కుడి కాలు 53 శాతం పనిచేసే మనిషికి అసలు 200 ఉంటే 188 కనపడుతుంది. ఇది కమ్యూనికేషన్ లోపం కాదు, ఆ కొలిచే పద్ధతి పరిమితి. నీ పాత రైడ్‌తో కొత్త రైడ్ పోల్చుకో, పక్కవాడి వాట్స్‌తో కాదు అన్నాను.

సిగ్నల్ ఎందుకు తెగుతుంది?

రెండు ప్రోటోకాల్స్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే ఉన్నాయి. ఈ తరంగాలకి పెద్ద అడ్డంకి నీళ్ళు. మన ఒళ్ళంతా నీళ్ళే. ఎడమ క్రాంక్‌లో సెన్సార్ పెట్టుకుని, ఫోన్ జెర్సీ వెనక కుడి జేబులో వేసుకుంటే మధ్యలో మీరే గోడ. ఫోన్ హ్యాండిల్ మీద పెట్టండి, లేదా కనీసం సెన్సార్ ఉన్న వైపు జేబులో పెట్టండి.

ఇంట్లో ట్రైనర్ మీద తొక్కేవాళ్ళకి ఇంకో శత్రువు వై-ఫై రౌటర్. యాంట్ ప్లస్ ఉండే 2457 మెగాహెర్ట్జ్ సరిగ్గా వై-ఫై 10వ ఛానల్ మధ్యలో పడుతుంది. 11వ ఛానల్ కూడా దాన్ని కప్పేస్తుంది. యాంట్ ప్లస్ పదేపదే తెగుతుంటే రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్‌ని 1కి మార్చి చూడండి. ల్యాప్‌టాప్‌కి యాంట్ స్టిక్ వాడేవాళ్ళు దాన్ని యూఎస్‌బీ 3 పోర్ట్‌లో నేరుగా గుచ్చకుండా, ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో సైకిల్ దగ్గరికి తీసుకురండి. యూఎస్‌బీ 3 నుంచి వచ్చే రొద కూడా ఈ బ్యాండ్‌లోనే పడుతుంది.

ఇంకోటి బ్యాటరీ. కాయిన్ సెల్ చివరికి వచ్చినప్పుడు మామూలుగా బాగానే ఉన్నట్టు కనిపించినా, రేడియో పంపే క్షణంలో వోల్టేజ్ పడిపోతుంది. సిగ్నల్ సమస్య వస్తే మొదట కొత్త, మంచి బ్రాండ్ సెల్ వేసి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష.

డిస్‌ప్లే నుంచి సెన్సార్‌కి: జీరో ఆఫ్‌సెట్

ఇప్పటిదాకా డేటా ఒకవైపే వచ్చింది. జీరో ఆఫ్‌సెట్ చేసేటప్పుడు మాత్రం డిస్‌ప్లే సెన్సార్‌కి ఆదేశం ఇస్తుంది. బ్లూటూత్‌లో దీనికి కంట్రోల్ పాయింట్ అనే వేరే అర ఉంది. దాంట్లో 12 అని రాస్తే "ఇప్పుడు నా మీద బరువు లేదు, దీన్నే సున్నాగా తీసుకో" అని అర్థం. సెన్సార్ కొలిచి, ఆఫ్‌సెట్ విలువతో జవాబు ఇస్తుంది. యాంట్ ప్లస్‌లో కాలిబ్రేషన్ మెసేజ్ ఇదే పని చేస్తుంది.

ఇది మన వైపు ఎందుకు ముఖ్యమంటే, వేడికి లోహం, రేకు రెండూ మారతాయి. ఇంట్లో ఫ్యాన్ కింద ఉన్న సైకిల్‌ని ఏప్రిల్ ఎండలోకి తీసుకొస్తే సున్నా జరుగుతుంది. చాలా మీటర్లు ఉష్ణోగ్రతని బట్టి సర్దుకుంటాయి కానీ పూర్తిగా కాదు. సైకిల్ బయట పెట్టి పది నిమిషాలు ఆగి, పెడల్ మీద కాలు లేకుండా జీరో చేసి బయల్దేరండి. ప్రతిసారీ వచ్చే ఆఫ్‌సెట్ నంబర్ రాసి పెట్టుకోండి. రోజూ దగ్గర దగ్గరగా ఉండే నంబర్ ఒక్కసారిగా దూరం పోతే, అప్పుడు సెన్సార్‌ని అనుమానించండి.

యాంట్ ప్లస్ పోతోందా?

2025 జూన్ 30తో యాంట్ ప్లస్ సర్టిఫికేషన్, మెంబర్‌షిప్ ప్రోగ్రామ్‌ని గార్మిన్ ముగించింది. వైర్‌లెస్ పరికరాల సైబర్ భద్రత మీద యూరప్‌లో వచ్చిన కొత్త నియమాలు దీనికి ప్రధాన కారణం. గుడి మైకు ఉదాహరణ గుర్తుందా? ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు వింటున్నారో తనిఖీ చేసే పద్ధతి మైకులో లేదు. అదే దాని బలం, ఇప్పుడు అదే బలహీనత.

దీనర్థం మీ పాత సెన్సార్ రేపటి నుంచి ఆగిపోతుందని కాదు. ఉన్నవి పని చేస్తూనే ఉంటాయి. కానీ ఇప్పుడు కొనేది ఐదారేళ్ళు వాడాలనుకుంటే, బ్లూటూత్ బాగా చేసే మీటర్ చూసుకోవడం తెలివైన పని.

కొనే ముందు అడగాల్సినవి

బ్లూటూత్ ఉందా అని అడిగి ఆగొద్దు. ఒకేసారి ఎన్ని బ్లూటూత్ కనెక్షన్లు తీసుకుంటుందో అడగండి. ఫోన్, హ్యాండిల్ కంప్యూటర్ రెండూ వాడే వాళ్ళకి కనీసం రెండు ఉండాలి. ఒక్కటే ఉంటే యాంట్ ప్లస్ కూడా ఉన్న మీటర్, దాన్ని వినే కంప్యూటర్ తీసుకోండి.

స్టాండర్డ్ సైక్లింగ్ పవర్ సర్వీస్ వాడుతుందా, లేక సొంత యాప్‌తో మాత్రమే మాట్లాడుతుందా చూడండి. సొంత యాప్ మాత్రమే అయితే, ఆ కంపెనీ యాప్ ఆపేసిన రోజు మీ క్రాంక్ మామూలు క్రాంక్ అయిపోతుంది.

మీ ఫోన్‌లో యాంట్ ప్లస్ ఉంటుందని అనుకోకండి. ఐఫోన్‌లో లేదు. ఆండ్రాయిడ్‌లో కొన్ని పాత సామ్‌సంగ్ గెలాక్సీ, సోనీ ఎక్స్‌పీరియా మోడల్స్‌లో ఉండేది. ఫోన్ ఒక్కటే డిస్‌ప్లే అయితే మీకు బ్లూటూత్ తప్ప దారి లేదు.

సెకండ్ హ్యాండ్ అయితే గడువు లోపలే నాలుగు పనులు చేయండి: ఇంకే పరికరానికీ కనెక్ట్ కాకుండా ఒక్కదానితో పరీక్ష, క్రాంక్ పొడవు సెట్టింగ్, జీరో ఆఫ్‌సెట్, తెలిసిన బరువు వేలాడదీసి టార్క్. ఈ నాలుగూ సరిగ్గా వస్తే ఉంచుకోండి. టార్క్ పరీక్షలో ఫెయిల్ అయితే ఇంకేం ఆలోచించకుండా వాపస్ పంపండి. డిస్‌ప్లే మార్చుకోవచ్చు, యాప్ మార్చుకోవచ్చు, స్ట్రెయిన్ గేజ్ ఊడిన క్రాంక్‌ని మాత్రం మన ఇంట్లో బాగుచేయలేం.